ఒక కొమ్ము తక్కువ

రాళ్లబావి, కడప జిల్లా
5 జనవరి 2025

అన్నకు,

నవత రాసేది. నువ్వు బాగున్నావని వదిన చెప్పింది కాబట్టి ఆ ప్రశ్న అడగను. ఫోనులో పలకరిస్తే "ఊ", "సరే", "తిన్నారా" అనే మూడు మాటలతో పదకొండేళ్లుగా నెట్టుకొస్తున్నావు. అందుకే ఈసారి ఉత్తరం. నువ్వు కూడా కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాలి. గొంతు రికార్డు చేసి పంపితే వినను, ముందే చెబుతున్నాను.

యాకూబన్న సెలవు ముగిసి సింగపూర్‌లో మీ వుడ్‌ల్యాండ్స్ డార్మిటరీకి తిరిగి వస్తున్నాడు గదా, అతని చేతికి రెండు వస్తువులిచ్చాను. ఒకటి చింతకాయ తొక్కు. రెండోది చూస్తే నువ్వు నమ్మవు.

మనం చదువుకున్న బడికే నాకు బదిలీ అయిందని తెలుసు గదా. మొన్న డిసెంబరులో పాత బీరువా ఖాళీ చేయిస్తుంటే, చెదలు తినగా మిగిలిన హాజరు పట్టీల కింద దొరికింది. "గవ్వల కొండ". మన గవ్వల కొండే అన్నా! ముందు అట్ట ఎప్పుడో ఊడిపోయింది, రాసినవారి పేరు కూడా దాంతోనే పోయింది. వెనక అట్ట మాత్రం జగన్మోహనరావు సార్ మైదా జిగురుతో అతికించింది, ఇప్పటికీ రేకులా గట్టిగా ఉంది.

బడి వదిలాక బీరువా పక్కనే కూర్చుని చదివేశాను. నీడ పోగొట్టుకున్న చిట్టెడు, వాడి వెంట నత్తి గాడిద, కొండ వాకిట్లో కాపలా ఉండే గుడ్లగూబ ముసలమ్మ, అందరూ ఉన్నారు. చిన్నప్పుడు అదెంత పెద్ద పుస్తకం! నువ్వు వేరుశనక్కాయలు ఒలుస్తూ నాకు నెలంతా చదివి వినిపించావు. ఇప్పుడు చూస్తే తొంభై ఆరు పుటలే. గంటన్నరలో అయిపోయింది. అప్పుడు గాడిద నోరు తెరిస్తే చాలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం, ఇప్పుడు దాన్ని చూస్తే జాలేసింది. గుడ్లగూబంటే అప్పుడు భయం. ఇప్పుడు ఆమె కష్టం తెలిసింది. రోజూ ఒకే చోట కూర్చుని, వచ్చినవాళ్లందరినీ అదే ప్రశ్న అడగడమంటే టీచరు ఉద్యోగమే గదా.

ఇక అసలు సంగతి. నిన్ను సూపర్‌వైజర్ పరీక్షకు రమ్మన్నారట, నువ్వు వద్దన్నావట. వదిన చెప్పింది. పేరివ్వడానికి ఫిబ్రవరి నెలాఖరు దాకా గడువుందట. పదకొండేళ్లు ఓడలు బాగుచేసినవాడివి, నీకంటే తెలిసినవాడు ఎవడున్నాడు అక్కడ? నలభై ఒకటో పుటలో గుడ్లగూబ చెప్పే మాట మన బడి గోడ మీద ఇంకా ఉంది. "తలపు తట్టినవాడికే దారి." ఏటా సున్నం కొట్టినా ఆ అక్షరాలను మాత్రం వదిలి కొడతారు. నేను రోజూ దాని కిందే నిలబడి పాఠం చెబుతున్నాను. నీకు ఆ తలపు తట్టాలని కోరుకుంటున్నాను.

తొక్కు ఒక్కడివే తినొద్దు, యాకూబన్నకూ పెట్టు.

నీ చెల్లెలు
నవత


వుడ్‌ల్యాండ్స్, సింగపూర్
19 జనవరి 2025

టీచరమ్మకు,

ఓబయ్య రాసేది. నా రాత చూసి నవ్వుకో, పరవాలేదు. స్పానరు పట్టిన చేతికి పెన్ను నిలవడం లేదు.

తొక్కు అందింది. సీసా మూత వదులై యాకూబ్ సంచిలో సగం కారిపోయింది. అతని చొక్కాలు రెండుసార్లు ఉతికినా తిరగమోత వాసన పోలేదు. కంపెనీ బస్సులో అతని పక్కన కూర్చున్న బెంగాలీ అబ్బాయి రోజూ ఏం వండుకున్నావని అడుగుతున్నాడట. ఇక్కడ వారంగా ఒకటే వాన.

పుస్తకం కూడా అందింది. పెట్టెలో పెట్టాను. చదవలేదు.

పరీక్ష నాకు వద్దు. నువ్వనుకున్నట్టు అది కూర్చుని రాసే పరీక్ష కాదు. పొద్దున పని మొదలయ్యే ముందు టూల్‌బాక్స్ మీటింగ్ అని ఒకటి ఉంటుంది. ఈరోజు ఏ పని, ఎక్కడ ప్రమాదం, ఎలా జాగ్రత్తపడాలి అని సూపర్‌వైజరు కాగితం చూసి పైకి చదవాలి. ముప్పై మంది నిలబడి వింటారు. ఇంగ్లీషులో చదివి, మనవాళ్లకు అర్థమయ్యేట్టు మళ్లీ చెప్పాలి. ఆ చదవడమే పరీక్ష. పని చెప్పమంటే చెబుతాను, చేసి చూపమంటే చూపుతాను, పదిమందిలో నిలబడి చదవడం నా వల్ల కాదు. మా యార్డు మేనేజరు లిమ్ సార్‌కు చెప్పేశాను.

ఆ గోడ మీది మాట ఇంకోసారి నాకు రాయొద్దు.

ఉంటాను.
ఓబయ్య


రాళ్లబావి
22 జనవరి 2025

అన్నకు,

నీ ఉత్తరం చూసి నీకు కోపం వచ్చిందని అర్థమైంది, ఎందుకొచ్చిందో మాత్రం అర్థం కాలేదు. పరీక్ష సంగతి వదిన నాకు చెప్పినందుకేమో అనుకుని ఆమెకు ఫోన్ చేశాను. పాపం, ఆమె కంగారుపడి నీకు నాలుగుసార్లు చేసిందట, నువ్వు ఓడలో ఉండి ఎత్తలేదట. ఇప్పుడు ఇద్దరం కంగారుపడుతున్నాం. సీసా మూత సరిగా బిగించనందుకైతే తప్పు నాదే.

గోడ మీది మాట వద్దన్నావు. నీతివాక్యాలు చెప్పి విసిగించాననుకున్నావేమో. టీచర్లకు అదొక జబ్బు, ఇంట్లో మీ బావ కూడా అదే అంటారు.

కానీ పైకి చదవడం నీకు రాదంటే మాత్రం నేనొప్పుకోను. నువ్వు గవ్వల కొండ చదువుతుంటే సూరమ్మ పెద్దమ్మ చేట కింద పెట్టి వినేది. గాడిద నత్తి నువ్వు చేసినట్టు ఎవరు చేయగలరు? ఒక పని చెయ్యి. పెట్టెలోంచి పుస్తకం తీసి, ఆ నలభై ఒకటో పుటే తెరిచి, యాకూబన్నకు పైకి చదివి వినిపించు. భయం పోతుందో లేదో నువ్వే చూడు.

నీ చెల్లెలు
నవత


వుడ్‌ల్యాండ్స్
29 జనవరి 2025

నవతకు,

ఈరోజు చైనావాళ్ల కొత్త సంవత్సరం. యార్డుకు రెండు రోజులు సెలవు. అందుకే రాయడానికి తీరిక, కోపం రెండూ దొరికాయి.

నువ్వు మరిచిపోయావు. చెప్పకూడదనుకున్నాను. కానీ సరిగ్గా నలభై ఒకటో పుటే తీసి చదవమన్నావు చూడు, అక్కడ ఓర్చుకోలేకపోయాను.

ఆరు, ఏడు తరగతులు ఒకే గదిలో ఉండేవి. నేను ఏడు, నువ్వు ఆరు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బాగా చదువుతానని జగన్మోహనరావు సార్ నన్ను లేపి ఆ పుస్తకం చేతికిచ్చాడు. నలభై ఒకటో పుట. "తలుపు తట్టినవాడికే దారి" అని చదివాను. వెనక నుంచి ఒక పిల్ల లేచి, "తప్పు సార్, అక్కడ తలపు అని ఉంది" అన్నది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. నువ్వే. నేను ఇంట్లో చదివి వినిపించినదంతా నా వెనక నిలబడి అక్షరం అక్షరం చూసేదానివి గదా, అందుకే నీకు కంఠతా వచ్చు.

మళ్లీ చదవమన్నాడు సార్. మళ్లీ తలుపు అనే వచ్చింది నా నోట్లో. నేనేం చేసేది? గుడ్లగూబ వాకిట్లో కూర్చుంది, చిట్టెడు కొండ ముందుకొచ్చి నిలబడ్డాడు. తలుపు గాక ఏం తడతాడు? అప్పుడు సార్ అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"ఏం ఓబయ్యా, పుస్తకం కంటే నీకెక్కువ తెలుసా? కొమ్ములు మొలిచినాయా? లేని కొమ్ము తెచ్చి 'ల'కు తగిలిస్తాండావు. కూర్చో."

అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. ఆ తరువాత సార్ తలపు అంటే ఆలోచన అని, ఆలోచన తట్టినవాడికే దారి దొరుకుతుందని అరగంట చెప్పాడు. ఇన్‌స్పెక్టరు చాలా మెచ్చుకున్నాడు. వారం తిరగకుండా పెయింటరు వచ్చి గోడ మీద రాశాడు. సెలవులు ఇచ్చేదాకా నా పేరు కొమ్ముల ఓబయ్య.

బడి మానింది అందుకు కాదు. నాయన కాలు విరిగింది, చేను చూసేవాళ్లు లేరు, మానాను. నీ మీద నాకేం లేదు. కాగితం పట్టుకుని పదిమందిలో నిలబడితే గొంతు పట్టేస్తుంది, అంతే. ఇక దీని గురించి వద్దు.

ఓబయ్య


రాళ్లబావి
2 ఫిబ్రవరి 2025

అన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిజంగా నాకు గుర్తులేదు. గుర్తుండి దాచుకుంటే ఒక సిగ్గు, అసలు గుర్తే లేకపోవడం ఇంకా పెద్ద సిగ్గు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నాకు గుర్తుంది. "తెలివైన పిల్ల" అని నా తల నిమిరి పెన్సిలిచ్చాడు. ఆ పెన్సిలు ఎందుకిచ్చాడో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇంకో మాట. నాయన కాలు విరిగింది ఆ ఏడు కాదు. నాయన మంచంలో ఉన్నప్పుడు నేను ఏడో తరగతి పరీక్షలు రాశాను. సైకిలు మీద నువ్వే దింపావు. అప్పటికి నువ్వు బడి మానేసి ఏడాది. లెక్క ఎలా వేసినా కుదరదు అన్నా. నాకు నొప్పి కలగకుండా ముప్పై ఏళ్లుగా నాయన కాలు అడ్డం పెట్టుకుంటూ వచ్చావు.

నేను టీచరునయ్యాను. నువ్వు కూడా అయ్యేవాడివి. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది, అక్షరాలు అలుక్కుపోతే ఏమనుకోకు. నిన్న మా క్లాసులో వర్షిత అనే పిల్ల ఒక మాట తప్పు చదివింది. "కూర్చో" అనబోయాను, నోటి దాకా వచ్చింది. ఆపుకుని, "ఎందుకలా చదివావు?" అని అడిగాను. అది ఏదో చెప్పింది, సగం సరిగానే ఉంది.

నన్ను క్షమించు. పరీక్ష గురించి ఇక అడగను. ఆ పుస్తకం కంటికి కనబడకూడదనుకుంటే యాకూబన్నకు ఇచ్చెయ్యి, లేదా పారెయ్యి. కానీ నాతో మాట్లాడటం మానొద్దు.

నవత


వుడ్‌ల్యాండ్స్
23 ఫిబ్రవరి 2025

పాపకు,

మూడు వారాలు రాయలేదని నువ్వు వదినకు రోజుకోసారి ఫోన్ చేస్తున్నావట. నేను అలిగి కూర్చున్నానని ఊరంతా అనుకుంటున్నారట. అలక కాదమ్మా. పుస్తకం చదువుతున్నాను.

నీకు గంటన్నర పట్టింది, నాకు మూడు ఆదివారాలు. చిట్టెడు కొండ లోపల ఒక చీకటి గదిలోంచి ఇంకో చీకటి గదిలోకి పాక్కుంటూ పోతాడు గదా. చిన్నప్పుడు అదంతా వింత. ఓడ అడుగున ట్యాంకుల్లో నేను రోజూ చేసేది అదే పని, ఇప్పుడు చదివితే వాడికి టార్చి లేదని దిగులేసింది. ఇంకొకటి. చిట్టెడు ఇల్లు వదిలేటప్పుడు వాళ్లమ్మ గురించి రెండే వాక్యాలున్నాయి. అమ్మ గడపలో నిలబడింది, చిట్టెడు తిరిగి చూడలేదు. ఈ రెండూ నేను నీకు చదివి వినిపించానో లేదో గుర్తులేదు. ఇప్పుడు మాత్రం ఒక ఆదివారమంతా అక్కడే అయిపోయింది. విమానాశ్రయంలో నేను కూడా తిరిగి చూడలేదు.

నలభై ఒకటో పుట వచ్చినప్పుడు చూశాను. తలపు అనే ఉంది. నీది తప్పు కాదు.

పోయిన ఆదివారం యాకూబూ నేనూ టెక్కా మార్కెట్‌కు పోయి వస్తుంటే పెద్ద వాన పట్టుకుంది. సంచిలో పుస్తకం తడిసిపోయింది. గదికొచ్చి ఫ్యాను కింద పెడితే సార్ వేసిన జిగురు మెత్తబడి, వెనక అట్ట ఊడి వచ్చింది. అట్టకు ఒక కాగితం అతుక్కుని ఉంది. చిరగకుండా యాకూబ్ గోటితో మెల్లగా లాగాడు. అది పుస్తకంలో చివరి కాగితం పాపా, ఇన్నాళ్లూ ఎవరూ చూడనిది. పైన "తప్పొప్పుల పట్టిక" అని ఉంది. అచ్చులో పడిన తప్పులు ఏడు వేశారు. నాలుగోది ఇది.

పుట 41. పంక్తి 9. తప్పు: తలపు. ఒప్పు: తలుపు.

ఫోటో కూడా పంపుతున్నాను, పెద్దది చేసి చూడు.

ఆ రోజు సంగతంతా యాకూబ్‌కు అప్పుడు చెప్పాను. అతను ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసి, "అయితే నువ్వు సదివిందే రైటు గదప్పా. నీ మాట ముప్పై యేండ్లు జిగురు కింద పడుండాది" అన్నాడు. నవ్వాను. నవ్వుతూనే కళ్లలో నీళ్లొచ్చాయి, యాకూబ్ చూడనట్టు కాగితం మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు.

మరునాడు మకాన్ టైములో, అంటే మధ్యాహ్నం తిండి వేళ, లిమ్ సార్ దగ్గరికి పోయి నా పేరు ఇంకా ఇవ్వొచ్చా అని అడిగాను. "కెన్ లా", ఇవ్వొచ్చులే అన్నాడు. పరీక్ష మార్చి పన్నెండున.

భయం పోయిందని చెప్పను. ఉంది.

నీ అన్న
ఓబయ్య


రాళ్లబావి
28 ఫిబ్రవరి 2025

అన్నకు,

ఫోటో చూసి బడిలోనే గట్టిగా అరిచాను. పిల్లలు పామేమో అనుకుని బెంచీలెక్కారు.

ఊరుకోలేక ఆదివారం దాకా కూడా ఆగకుండా ప్రొద్దుటూరు పోయాను. జగన్మోహనరావు సార్ అక్కడే కొడుకు దగ్గర ఉంటున్నారు. ఎనభై దాటాయి, చెవులు సరిగా వినబడవు, కళ్లు బాగానే ఉన్నాయి. నాలుగు మాటలు గట్టిగా అనాలనే పోయాను అన్నా, దాచను. ఫోటో పెద్దది చేసి చూపించాను. అద్దాలు పెట్టుకుని చూశారు, తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. మొదట, "తలపు గురించి అంత బాగా చెప్పానే" అని చిన్నబుచ్చుకున్నారు. నాకు నవ్వొచ్చింది, కోపం సగం దిగిపోయింది. ఆ రోజు సంగతి చెబితే ఆయనకూ గుర్తులేదు. నాలాగే. కానీ "కూర్చో అన్నానా?" అని రెండుసార్లు అడిగారు. అన్నారని చెప్పాను. లేచి వస్తుంటే వెనక్కి పిలిచారు.

"అమ్మా, వాడికి చెప్పు. జగన్మోహనరావు సార్ నిలబడమన్నాడని చెప్పు" అన్నారు.

ఇక గోడ. హెడ్మాస్టరు గారు ముందు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఉన్న మాట, తలపు అన్నా అర్థం బాగానే ఉంది గదా అన్నారు. అర్థం బాగుంటే సరిపోదు సార్, అది పుస్తకంలో మాట కాదు అన్నాను. పట్టిక చూపించాక సరేనన్నారు. పెయింటరు రెండు రోజులు రాకపోతే నేనే బెంచీ ఎక్కి "ల"కు కొమ్ము పెట్టాను. వర్షిత డబ్బా పట్టుకుంది. రంగు కలవలేదు. పాత అక్షరాలు వెలిసిపోయిన నీలం, కొమ్ము మాత్రం నిగనిగలాడే నీలం. గేటు దగ్గర నుంచి చూస్తే ముందు కొమ్మే కనబడుతుంది. మళ్లీ సున్నం కొట్టేటప్పుడు సరిచేయిస్తామన్నారు, అలాగే ఉంచమని బతిమాలుకున్నాను.

పన్నెండో తేదీ పొద్దున నేను ఆ గోడ కిందే ఉంటాను.

నీ చెల్లెలు
నవత


వుడ్‌ల్యాండ్స్
16 మార్చి 2025

పాపకు,

ముందు ఫలితం చెప్పేస్తాను, లేకపోతే నువ్వు చివరి పేజీ ముందు చూసే రకం. పాసయ్యాను. రేపు సోమవారం నుంచి వేరే రంగు హెల్మెట్. యాకూబ్ దాన్ని పెట్టుకుని ఫోటో దిగి అప్పుడే ప్రొద్దుటూరులో తన ఇంటికి పంపేశాడు. వాళ్లింట్లో అతనే పాసయ్యాడనుకుంటున్నారు.

ఇక జరిగింది విను. పొద్దున్నే ముప్పై మందిని వరసగా నిలబెట్టారు. లిమ్ సార్, ఇంకో ఇద్దరు ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు బల్ల ముందు కూర్చున్నారు. కాగితం చేతికిచ్చారు. మొదటి రెండు లైన్లు గొంతులోనే ఉండిపోయాయి. వెనక నుంచి ఎవరో "లౌడర్ లా" అన్నారు. గాడిదను తలుచుకున్నాను. నత్తితో అదే కొండెక్కింది, నాకేం వచ్చింది అనుకున్నాను. మూడో లైనుకు గొంతు వచ్చింది.

ఆరో లైను ట్యాంకు గురించి. లోపల మనిషి పనిచేస్తున్నంతసేపు పైన మూత తెరిచి ఉంచాలి అని చదివాను. లిమ్ సార్ తలెత్తి, మళ్లీ చదవమన్నాడు. చూశాను. కాగితంలో తెరిచి అని లేదు, మూసి అని ఉంది. ఓపెన్ అని ఉండాల్సిన చోట క్లోజ్డ్ అని ఉంది. నా నోరు మళ్లీ పుస్తకం మాట వినలేదు పాపా. ముప్పై మంది నన్నే చూస్తున్నారు. మన గది, ఇన్‌స్పెక్టరు నవ్వు, నీ ఎర్ర రిబ్బన్లు అన్నీ వచ్చి కళ్ల ముందు నిలబడ్డాయి. మళ్లీ ఓపెన్ అనే చదివాను.

కాగితంలో అలా లేదే అన్నాడు లిమ్ సార్.

"కాగితంలో తప్పుంది సార్. లోపల మనిషి ఉంటే మూత వేయకూడదు. గాలి ఆడక చచ్చిపోతాడు" అన్నాను. ఇంగ్లీషులో ఒకసారి, మనవాళ్ల కోసం తెలుగులో ఒకసారి.

ఎవరూ నవ్వలేదు. లిమ్ సార్ పక్కనున్న ఇద్దరితో ఏదో చెప్పి పెన్నుతో రాసుకున్నాడు. ఆ తప్పు కావాలనే పెట్టారో, టైపు కొట్టినవాళ్ల పొరపాటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చాలు, కూర్చో అని కుర్చీ చూపించాడు.

ఇంకా నాలుగు లైన్లున్నాయి సార్ అని చెప్పి, నిలబడే చదివాను.

ఇట్లు,
కొమ్ముల ఓబయ్య